హురుమంజి: నీళ్లు లేని దీవి, గుర్రాల రేవు

రేవుల కథలు – 6వ భాగం

కిందటి భాగంలో మోటుపల్లి దగ్గర ఆగాం. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం చూశాం. ఆ తర్వాత నూటయాభై ఏళ్లకు, కొండవీటి రెడ్ల కాలంలో, సముద్రవ్యాపారంలో పేరుమోసిన కుటుంబం అవచి వారిది. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చింది ఆ ఇంటి తిప్పయసెట్టికే. వాళ్లు ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేవాళ్లో శ్రీనాథుడు ఒక పద్యంలో వరసపెట్టి చెబుతాడు. కర్పూరం, సింహళపు ఏనుగులు, చీనా పట్టు. ఆ వరసలోనే హురుమంజి గుర్రాలూ ఉన్నాయి.

ఆ హురుమంజే హోర్ముజ్. పర్షియా సింధుశాఖ సముద్రంలో కలిసే ఇరుకు దారిలో ఉన్న చిన్న దీవి. ఇవాళ చమురు ఓడల వార్తల్లో తరచూ వినపడే జలసంధి పేరు ఇదే. ఆ వార్తలు వినేవాళ్లలో చాలామందికి, ఒకప్పుడు ఆ దీవి మీద ప్రపంచమంతా చెప్పుకున్న నగరం ఉండేదని తెలియదు. విజయనగరం ఆశ్వికదళం గురించి గొప్పగా చెప్పుకునే మనకు కూడా, ఆ గుర్రాలు ఎక్కిన రేవు ఏదో తెలియదు. రాయల యుద్ధాలను రాయచూరు దగ్గర మొదలుపెట్టి చెప్పడం మనకు అలవాటు. ఆ కథ ఇక్కడ, ఒక ఉప్పుకొండ కింద మొదలుపెట్టాలని నా నమ్మకం.

దీవి వైశాల్యం 42 చదరపు కిలోమీటర్లకు మించదు. ఇరాన్ తీరానికి 8 కిలోమీటర్ల దూరం. భూగర్భంలోని ఉప్పుపొర లక్షల ఏళ్లుగా పైకి తన్నుకొచ్చి, రాళ్లను చీల్చుకుని కొండలై నిలిచింది. ఎరుపు, పసుపు, తెలుపు రంగుల మన్ను, మధ్యలో మెరిసే ఉప్పు. ఎప్పుడో ఒకసారి వాన పడినా ఆ నీళ్లు ఉప్పులోంచి పారి తాగడానికి పనికిరాకుండా పోతాయి. పైరు లేదు, మేత లేదు, చెప్పుకోదగ్గ చెట్టు లేదు. వేసవిలో ఎండ మనిషిని నిలవనీయదు. ఊరు కట్టుకోవడానికి ఇంతకన్నా పనికిరాని చోటు ఆ తీరమంతా వెతికినా దొరకదు.

అయినా కట్టారు. కారణం భయం.

అసలు హోర్ముజ్ మొదట దీవి మీద లేదు. ఎదురుగా నేల మీద, మినాబ్ దగ్గర ఏటి ఒడ్డున ఉండేది. చుట్టూ ఖర్జూరపు తోటలు, పొలాలు. మార్కో పోలో 1270ల మొదట్లో అక్కడికి వచ్చాడు. అక్కడి ఓడలు చూసి హడలిపోయాడు. వాటికి ఇనుప మేకులు లేవు. కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టేవారు. ఒక కొయ్య, ఒక తెరచాప, ఒక చుక్కాని. పైతట్టు కూడా ఉండదు. సరుకు నింపి, దాని మీద తోళ్లు కప్పి, ఆ తోళ్ల మీద గుర్రాలను నిలబెట్టి హిందూదేశానికి తోలుకుపోయేవారు. అలాంటి ఓడలు తరచూ మునిగిపోతుంటాయని కూడా రాశాడు. ఆ కుట్టు ఓడలను చూసి అతను భయపడ్డాడు గాని, మన పడమటి తీరం వాళ్లూ అరబ్బులూ శతాబ్దాలుగా సముద్రం దాటింది వాటి మీదే.

13వ శతాబ్దం చివరికి ఆ తీరం మీద మంగోలు దండుల దాడులు ఎక్కువయ్యాయి. పండిన పంట దక్కదు, వచ్చిన బిడారు సురక్షితంగా చేరదు. అప్పుడు హోర్ముజ్‌ను ఏలుతున్నది బహాఉద్దీన్ అయాజ్. తురుష్క బానిసగా జీవితం మొదలుపెట్టి అమీరు అయినవాడు. 1300 ప్రాంతంలో అతను తీసుకున్న నిర్ణయం ఆ సముద్రం చరిత్రనే మార్చింది. ఊరిని వదిలేశాడు. జనాన్నీ వర్తకులనూ ఓడలెక్కించి, ఎదురుగా ఉన్న జరూన్ అనే బోడి దీవికి తీసుకుపోయాడు. ఊరి పేరునూ వెంట తీసుకుపోయారు. కొన్నాళ్లకు జరూన్ అనే మాట మరుగునపడి దీవికే హోర్ముజ్ పేరు స్థిరపడింది.

దండయాత్రకు వచ్చేవాళ్ల దగ్గర గుర్రాలున్నాయి, ఓడలు లేవు. ఆ 8 కిలోమీటర్ల నీళ్లే కొత్త నగరానికి కోటగోడ. దీవి ఉత్తరపు కొన మీద ఊరు వెలిసింది. ఆ కొనకు అటూ ఇటూ రెండు వైపులా ఓడలు నిలవడానికి అనువైన చోటు ఉంది. బస్రా వెళ్లే ఓడైనా, హిందూదేశానికి వచ్చే ఓడైనా ఆ ఊరి కళ్ల ముందు నుంచి పోక తప్పదు.

అంతకు ముందు ఆ సింధుశాఖలో వర్తకాన్ని శాసించినవి వేరే రేవులు. మొదట సీరాఫ్. 977లో వచ్చిన భూకంపంతో అది చితికిపోయింది. తర్వాత కీష్ దీవి. హోర్ముజ్ రాజు కుత్బుద్దీన్ తహమ్తన్ 1330 ప్రాంతంలో కీష్‌నూ, ముత్యాల బహ్రెయిన్‌నూ లోబరచుకున్నాడు. అక్కడి నుంచి దాదాపు మూడు శతాబ్దాల పాటు ఆ నీళ్ల మీద హోర్ముజ్ మాటే చెల్లింది.

తాగడానికి నీళ్లు లేని ఊరు ఎలా బతికింది? ఈ ప్రశ్న అక్కడికి వెళ్లిన ప్రతి యాత్రికుడినీ పట్టుకుంది. 14వ శతాబ్దంలో వచ్చిన ఇబ్న్ బతూతా నీళ్లు అక్కడ ఖరీదైన సరుకని రాశాడు. ఊరికి దూరంగా ఉన్న ఊటల దగ్గరికీ తొట్ల దగ్గరికీ జనం తోలు తిత్తులతో వెళ్లేవారు. నింపుకుని, వీపున మోసుకుని, పడవల్లో వేసి ఊళ్లోకి తెచ్చేవారు. పక్కనున్న పెద్ద దీవి కిష్మ్ నుంచి కూడా నీళ్లూ కూరగాయలూ రావాలి. ఖర్జూరం బస్రా నుంచి, ఒమన్ నుంచి. బియ్యం హిందూదేశం నుంచి. దీవిలో దొరికేవి చేపలు, ఉప్పు. చేపా ఖర్జూరమూ ఉంటే అదే రాజభోజనమని అక్కడివాళ్లు చెప్పుకునేవారట. ఆ ఉప్పుకొండ నుంచి రాయి తొలిచినట్టు ఉప్పును తొలిచి, అలంకారపు పాత్రలూ దీపస్తంభాలూ చేసేవారని ఇబ్న్ బతూతా రాశాడు. ఆ వివరం చదివినప్పుడల్లా నాకు ఆ మనుషుల మీద గౌరవం కలుగుతుంది. నేల ఇచ్చినది ఉప్పొక్కటే అయితే దాన్నే దీపంగా నిలబెట్టుకున్నారు.

నీళ్ల సమస్య కన్నా పెద్దది ఇంకొకటుంది. దీవికి వచ్చిన సరుకు లోపలి దేశాలకు పోవాలి. ఆ దారులన్నీ వేరే రాజుల చేతుల్లో ఉన్నాయి: లార్, కిర్మాన్, షిరాజ్. హోర్ముజ్ రాజులకు వాళ్లను గెలిచే సైన్యం లేదు. అందుకని ఏటేటా ఆ ఏలికలకు డబ్బు ముట్టజెప్పి బిడారు దారులు తెరిపించుకున్నారు. దీన్ని కొందరు చరిత్రకారులు కప్పంగా లెక్కగడతారు. నాకు అది రాజ్యం నడిపే ఖర్చులో భాగంగానే కనపడుతుంది. యుద్ధం చేస్తే అయ్యే ఖర్చు కన్నా అది తక్కువ, పైగా బేరం ఆగదు.

ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందో 15వ శతాబ్దపు సాక్షులు చెబుతారు. 1413లో బయలుదేరిన యాత్రతో చీనా నౌకాధిపతి జెంగ్ హో ఓడలు మొదటిసారి హోర్ముజ్ దాకా వచ్చాయి. ఆ దండులో దుబాసీగా ఉన్న మా హువాన్ అక్కడ పేద కుటుంబమే లేదని రాశాడు. ఎవరైనా దెబ్బతిని బీదపడితే చుట్టుపక్కలవాళ్లు బట్టలూ తిండీ ఇచ్చి, మళ్లీ వ్యాపారం మొదలుపెట్టుకోవడానికి పెట్టుబడి కూడా ఇస్తారట. అతిశయోక్తి కొంత ఉండొచ్చు. కానీ దివాలా తీసినవాడిని మళ్లీ నిలబెట్టడం ఒక రేవు పట్టణానికి ఎంత అవసరమో వర్తకం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. వీధుల్లో కొయ్యల మీదికెక్కి ఆడే మేకను, గారడీ కోతిని కూడా అతను ఆసక్తిగా చూసి రాసుకున్నాడు.

1442లో హోర్ముజ్‌కు వచ్చిన మనిషి మనకు బాగా కావలసినవాడు. హెరాత్‌లో ఏలుతున్న తైమూరు కొడుకు షారూఖ్ పంపిన రాయబారి అబ్దుల్ రజాక్. రెండో దేవరాయల కాలంలో విజయనగరం చూసి, దాని ఏడు ప్రాకారాల గురించి రాసింది ఆయనే. ఆ వర్ణన మన పుస్తకాల్లో ఎన్నోసార్లు అచ్చయింది. అదే మనిషి అదే పుస్తకంలో హోర్ముజ్ గురించి రాసిన భాగాన్ని మనం పట్టించుకోలేదు. భూమ్మీద దానికి సాటి రేవు లేదన్నాడు. ఈజిప్టు, సిరియా, ఖొరాసాన్, చీనా, జావా, బెంగాల్, మలబారు, గుజరాత్, ఏడెన్, జాంజిబార్ – ఇలా అక్కడికి వచ్చే వర్తకుల దేశాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆ జాబితాలో గుల్బర్గా ఉంది, విజయనగరపు రేవులూ ఉన్నాయి. వెండి బంగారాలు తప్ప వచ్చిన ప్రతి సరుకు మీదా పదో వంతు సుంకం. అన్ని మతాలవాళ్లూ, విగ్రహారాధకులు సైతం, పెద్ద సంఖ్యలో ఉన్నారని, ఎవరికీ అన్యాయం జరగనివ్వరని, అందుకే ఆ ఊరిని అభయస్థానం అంటారని రాశాడు.

మోటుపల్లిలో గణపతిదేవుడు రాతి మీద చెక్కించిన మాటా అదే. ఓడ మునిగినా, గాలికి కొట్టుకొచ్చినా వర్తకుడి సొత్తు వర్తకుడిదేనని మన రాజు ఇచ్చిన మాటను, అక్కడ ఒక నగరమంతా ఆచారంగా నిలబెట్టుకుంది.

రజాక్‌కు హోర్ముజ్‌లో సుఖం దక్కలేదు. రేవువాళ్లు జాప్యం చేయడంతో మంచి గాలి ఉండే రోజులు చేజారిపోయాయి. ఎండకు జబ్బుపడ్డాడు. ఒమన్ తీరంలో అన్నను పోగొట్టుకున్నాడు. తర్వాత విజయనగరం చేరి దేవరాయల ఆదరణ పొందినా, అక్కడున్న హోర్ముజ్ వర్తకులు ఇతను నిజమైన రాయబారి కాదని ప్రచారం చేశారు. దాంతో కొలువులో ఆదరణ తగ్గింది. అంటే 1443 నాటికే హోర్ముజ్ వర్తకులు హంపీలో రాజు చెవిలో మాట వేయగలిగే స్థానంలో ఉన్నారన్నమాట. వాళ్లకు ఆ స్థానం తెచ్చిపెట్టినవి గుర్రాలు.

దక్షిణ దేశపు వాతావరణం మేలుజాతి గుర్రాలకు పడదు. తగిన మేత లేదు, సంరక్షణ తెలిసినవాళ్లు తక్కువ. మార్కో పోలో పాండ్యదేశంలో గుర్రాలకు అన్నం, మాంసం వండి పెట్టడం చూసి ఆశ్చర్యపోయాడు. అక్కడికొచ్చిన గుర్రాల్లో ఏడాది తిరిగేసరికి బతికుండేవి కొద్దిపాటివే. అరేబియా, పర్షియా గుర్రాలను ఏటా కొత్తగా కొనుక్కుంటూ ఉండాలి. కొనడం ఆగిన రాజు రెండు మూడేళ్లలో ఆశ్వికదళం లేనివాడవుతాడు. బహమనీలకూ విజయనగరానికీ తుంగభద్ర, కృష్ణ మధ్య నేల కోసం తరాల తరబడి యుద్ధాలు జరుగుతుంటే, రెండు పక్షాల బలమూ ఒకే దీవి నుంచి వచ్చే ఓడల మీద ఆధారపడింది.

నైరుతి గాలి ఉధృతి తగ్గేవేళ హోర్ముజ్ నుంచి గుర్రాల ఓడలు బయలుదేరేవి. గోవా, చౌల్, దాభోల్, హొన్నావరు, భట్కల్ వీటి గమ్యాలు. ఈశాన్యపు గాలి పట్టాక బియ్యం, మిరియాలు, చక్కెర, బట్టలు నింపుకుని తిరిగి వెళ్లేవి. ఎవరికి గోవా ఉంటే వారికి గుర్రాలు. అందుకే 1472లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ గోవాను గెలవడం విజయనగరానికి గట్టి దెబ్బ. ఆ లోటు పూడ్చుకోవడానికి సాళువ నరసింహుడు పడిన పాట్లు ఫెర్నావ్ నూనిజ్ రాశాడు. నూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి, 1530ల్లో విజయనగరంలో ఉన్నవాడు, కాబట్టి ఈ సంగతుల్లో అతని మాటకు విలువుంది. నరసింహుడు భట్కల్ మొదలైన రేవులను తిరిగి పట్టుకున్నాడు. హోర్ముజ్, ఏడెన్‌ల నుంచి గుర్రాలు తెచ్చేవాళ్లకు అడిగిన ధర ఇచ్చాడు. వెయ్యి పర్దావులకు మూడు గుర్రాలు. బతికున్నా చచ్చినా కొన్నాడు. దారిలో సముద్రం మీద చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న దానికిచ్చినంతా ఇచ్చేవాడు.

ఆ తోకల సంగతి మీద కాసేపు ఆగాలి. సముద్రంలో నష్టం వర్తకుడిదైతే ధర పెంచుతాడు, లేదా రావడమే మానేస్తాడు, లేదా పక్క రాజు రేవుకు పోతాడు. ఆ నష్టాన్ని కొనేవాడే నెత్తిన వేసుకుంటే ఓడలన్నీ వాడి రేవుకే తిరుగుతాయి. చంద్రగిరి నుంచి వచ్చిన ఆ దొర ఇది గ్రహించాడు. తర్వాతి తరంలో శ్రీకృష్ణదేవరాయలు దాన్ని రాజనీతిగానే చెప్పాడు. 'ఆముక్తమాల్యద'లో రాజధర్మం చెప్పే చోట రేవులను బాగుచేయమని, దూరద్వీపాల నుంచి ఏనుగులూ గుర్రాలూ తెచ్చే వర్తకులను ఇళ్లూ మర్యాదలూ లాభాలూ ఇచ్చి తనవాళ్లుగా చేసుకోమని, లేకపోతే ఆ గుర్రాలు శత్రువుకు చేరతాయని స్పష్టంగా రాశాడు. ఇది పుస్తకంలో పుట్టిన నీతి అనుకోవడానికి వీల్లేదు. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని, వాటిలో హోర్ముజ్‌వీ దేశవాళీవీ ఉండేవని నూనిజ్ లెక్క. 1520లో రాయచూరు ముట్టడిలో రాయల పక్షాన తుపాకులు పేల్చిన క్రిస్తోవావ్ ద ఫిగెరేదు కూడా విజయనగరానికి గుర్రాలు అమ్మడానికి వచ్చినవాడే.

హోర్ముజ్‌ను అందరూ సుఖంగా బతికిన స్వర్గమని చెప్పి ముగించలేను. రాజకుటుంబం లోపల పరిస్థితి దారుణం. సింహాసనం చుట్టూ వజీర్ల కుట్రలు. పోటీకి రాగల రాకుమారులను చంపకుండా కళ్లు తీయించి ఒక ఇంట్లో పడేసేవారు. 1515లో అలా గుడ్డివాళ్లై బతుకుతున్న రాజవంశీకులు 15 మంది, వాళ్ల కుటుంబాలతో సహా దొరికారు. వాళ్లను గోవాకు పంపించింది పోర్చుగీసు సేనాని అఫొన్సు ద అల్బుకెర్క్.

ఈ పేరు దగ్గర కథ మలుపు తిరుగుతుంది. అల్బుకెర్క్ 1507 సెప్టెంబరులో ఆరు ఓడలతో, ఐదువందలకు మించని మనుషులతో హోర్ముజ్ ముందుకు వచ్చాడు. దారిలో ఖురయాత్, మస్కట్ పట్టణాలను తగలబెట్టుకుంటూ వచ్చాడు. రాజు పన్నెండేళ్ల కుర్రాడు, వ్యవహారమంతా వజీరు ఖ్వాజా అతాది. రేవులో ఉన్న ఓడలు సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువైనా పోర్చుగీసు ఫిరంగుల ముందు నిలవలేకపోయాయి. ఏటా 15,000 అష్రఫీల కప్పానికి, దీవి మీద కోట కట్టుకోవడానికి ఒప్పందం రాయించుకున్నాడు. ఆ సమయంలోనే పర్షియా నుంచి షా ఇస్మాయిల్ మనుషులు తమకు రావలసిన మామూలు సొమ్ము కోసం వచ్చారు. అల్బుకెర్క్ ఫిరంగి గుండ్లూ ఆయుధాలూ వాళ్ల ముందు పెట్టించి, ఇక మీదట చెల్లింపు ఈ నాణెంతోనేనని చెప్పించాడు.

రెండు శతాబ్దాలుగా డబ్బుతో దారులు తెరిపించుకున్న నగరం తరఫున ఇనుముతో జవాబు వెళ్లింది. హోర్ముజ్ పతనం ఆ రోజే మొదలైందని నేనంటాను.

కోట పని నడుస్తుండగానే అల్బుకెర్క్ కింది సరదార్లు తిరగబడి ఓడలు తీసుకుని వెళ్లిపోయారు. 1508లో అతనూ వెనుదిరగక తప్పలేదు. వెళ్లేలోగా ఊరిని లొంగదీయడానికి వాడిన ఆయుధం దాహం. నీళ్ల పడవలు రాకుండా కాపుకాశాడు, పట్టుబడినవాళ్ల చేతులూ ముక్కులూ కోయించాడు. ఏడేళ్ల తర్వాత, 1515లో, పెద్ద నౌకాదళంతో తిరిగి వచ్చి పని పూర్తిచేశాడు. ఆ దళంలో 1,500 మంది పోర్చుగీసువాళ్లతో పాటు 700 మంది మలబారు సైనికులున్నారు. రాజు మీద పెత్తనం చేస్తున్న రయీస్ అహ్మద్‌ను ముఖాముఖి మాటలకు పిలిచి అక్కడే చంపించాడు. కోట లేచింది. అదే ఏడాది డిసెంబరులో, తిరుగు ప్రయాణంలో గోవా కనుచూపు మేరలోకి వచ్చాక అల్బుకెర్క్ చనిపోయాడు.

గోవా, హోర్ముజ్ రెండూ ఒకే చేతిలోకి వచ్చేసరికి గుర్రాల దారి రెండు కొసలూ పోర్చుగీసువాళ్లవయ్యాయి. గోవాలో గుర్రానికి 40 పర్దావుల దాకా సుంకం. గుర్రాలు తెచ్చిన ఓడకు మిగతా సరుకు మీద సుంకం రాయితీ. 1510లోనే అల్బుకెర్క్ రాయల దగ్గరికి లూయీస్ అనే సన్యాసిని రాయబారిగా పంపి, హోర్ముజ్ గుర్రాలు మీకే ఇస్తాం, తురకలకు ఇవ్వం అని ఆశపెట్టాడు. బిజాపురానికీ అలాంటి ఆశే పెట్టేవాడు. 1547లో సదాశివరాయలతో కుదిరిన సంధిలో కూడా గోవాకు వచ్చే గుర్రాల మాటే ముఖ్యం. 1565లో విజయనగరం కూలాక గోవాలో గుర్రాల బేరం బాగా దెబ్బతింది. కొనేవాడు పోయాక రేవుకు ఏం మిగులుతుంది?

హోర్ముజ్‌లో పోర్చుగీసు పాలన గురించి ఎక్కువ చెప్పడానికి నాకు మనసు రాదు, ఆ వందేళ్ల కథ సుంకం పట్టిక లాగే సాగుతుంది. 15,000తో మొదలైన కప్పం 1523 నాటికి 60,000 అయింది. మధ్యలో 1521 చివర జనం తిరగబడ్డారు. రాజు తూరాన్ షా ఊరికి నిప్పుపెట్టించి ప్రజలతో కిష్మ్ దీవికి వెళ్లిపోయాడు. నీళ్లు లేని చోట నిలవలేక శత్రువే పోతాడని ఆశ. అది నెరవేరలేదు. 1543లో సుంకాల ఆదాయం మొత్తం పోర్చుగీసు రాజుకు రాసిచ్చారు. ఇక రాజుకు మిగిలింది పేరు, భత్యం. 1552లో తుర్కుల నౌకాధిపతి పీరీ రయీస్ ఊరిని దోచినా కోటను పట్టలేకపోయాడు. 1513 నాటి ప్రసిద్ధ ప్రపంచపటం గీసినవాడు ఈయనే. ఆ వైఫల్యం తర్వాత సుల్తాను ఆయనకు మరణశిక్ష వేశాడు.

1583లో రాల్ఫ్ ఫిచ్ అనే లండను వర్తకుడు స్నేహితులతో హోర్ముజ్‌లో దిగాడు. ఒక వెనీసు వ్యాపారి ఫిర్యాదుతో పోర్చుగీసువాళ్లు వాళ్లను పట్టుకుని గోవా పంపారు. అక్కడి నుంచి తప్పించుకున్న ఫిచ్ బిజాపురం మీదుగా గోల్కొండ చేరాడు. గోల్కొండ తోటలను, మచిలీపట్నం రేవుకు పెగూ, సుమత్రాల నుంచి వచ్చే ఓడలను గురించి ఇంగ్లీషులో మొదట రాసినవాళ్లలో అతనొకడు. హోర్ముజ్‌లో చేతులు కట్టించుకోకపోయుంటే అతను గోల్కొండ చూసేవాడో లేదో.

ఇక ముగింపు. పర్షియా సింహాసనం మీద షా అబ్బాస్ ఉన్నాడు. 1602లో బహ్రెయిన్‌ను, మరో పుష్కరం గడిచేసరికి హోర్ముజ్‌కు ఎదురుగా తీరం మీదున్న గోంబ్రూన్‌ను పోర్చుగీసువాళ్ల నుంచి లాక్కున్నాడు. దీవిని పట్టాలంటే ఓడలు కావాలి, అవి అతనికి లేవు. ఓడలున్నవాళ్లు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ. వాళ్లకు పర్షియా పట్టు కావాలి. కానీ అప్పటికి పోర్చుగల్ స్పెయిన్ రాజు ఏలికలో ఉంది, స్పెయిన్‌తో ఇంగ్లండుకు శాంతి ఉంది. షా తరఫున షిరాజ్ పాలకుడు ఇమామ్ కులీ ఖాన్ ఆ సందేహాన్ని ఒక్క మాటతో తీర్చాడు: యుద్ధానికి రాకపోతే పట్టు లేదు. కొల్లగొట్టిన సొమ్ములో సగం, రేవు సుంకంలో సగం ఇచ్చేట్టు బేరం కుదిరింది.

పోర్చుగీసువాళ్లకు తమ బలహీనత ఏమిటో తెలుసు. 1621లో రూయ్ ఫ్రెయిరె కిష్మ్ మీద కోట కట్టాడు, అక్కడి బావులను కాపాడుకోవడానికే. 1622 మొదట్లో దాడి ముందు ఆ కోట మీదే జరిగింది. ఆర్కిటిక్ మంచు సముద్రాల్లో దారులు వెతికిన విలియం బాఫిన్ అక్కడ గోడ ఎత్తు కొలుస్తుండగా గుండు తగిలి చనిపోయాడు. కిష్మ్ పోయిందంటే హోర్ముజ్‌కు నీళ్లు పోయినట్టే. తర్వాత దాదాపు పది వారాల ముట్టడి. పర్షియన్లు గోడల కింద మందుపాతర్లు పెట్టి పేల్చారు, ఇంగ్లీషు ఓడలు రేవులోని పోర్చుగీసు ఓడలను కాల్చాయి. లోపల నీళ్లు తగ్గాయి, రోగాలు ముదిరాయి. ఆ వసంతంలోనే కోట లొంగింది. ప్రాణాలు దక్కిన పోర్చుగీసువాళ్లను ఓడలెక్కించి పంపేశారు. ఆఖరి రాజు మహ్మూద్ షాను బందీగా తీసుకుపోయారు.

ఆ నెలల్లోనే మినాబ్ దగ్గర ఒక రోమన్ యాత్రికుడు చిక్కుబడిపోయాడు. హోర్ముజ్‌లో ఓడెక్కి హిందూదేశం చేరాలని వచ్చిన పియేత్రో దెల్లా వాల్లే. యుద్ధం దారి మూసేసింది. అతని భార్య మానీ జ్వరంతో అక్కడే చనిపోయింది. ఆమె దేహాన్ని పాడుకాకుండా భద్రపరచి, పెట్టెలో పెట్టుకుని, హిందూదేశమంతా వెంట తిప్పుకుని చివరికి రోముకు చేర్చి ఖననం చేశాడు. ఇక్కేరి నాయకుల కొలువు గురించి మనకు తెలిసిన ఎన్నో వివరాలు ఆ పెట్టెతో తిరిగిన మనిషి రాసినవే.

షా అబ్బాస్ హోర్ముజ్‌ను తిరిగి నిలబెట్టలేదు. వర్తకాన్ని ఎదుటి గోంబ్రూన్‌కు మార్చి దానికి తన పేరు పెట్టాడు. అదే బందర్ అబ్బాస్. మంగోలులకు భయపడి నేల నుంచి దీవికి పోయిన రేవు మూడు వందల ఏళ్ల తర్వాత మళ్లీ నేల మీదికి వచ్చింది, ఈసారి తీరాన్ని కాపాడే బలమైన రాజు ఉన్నాడు కాబట్టి. 1620ల చివరలో అటుగా వచ్చిన థామస్ హెర్బర్ట్, హోర్ముజ్ ఇళ్ల రాళ్లనూ కలపనూ నెలనెలా పడవల్లో గోంబ్రూన్ కట్టడాలకు మోసుకుపోతున్నారని రాశాడు. ఊరు పోయినా దాని సంపద పేరు పోలేదు. 1667లో వచ్చిన 'పారడైజ్ లాస్ట్'లో మిల్టన్ సైతాను సింహాసనపు వైభవానికి హోర్ముజ్ పేరే వాడాడు. అప్పటికి అక్కడ పోర్చుగీసు కోట ఎర్రరాతి గోడలూ, నీళ్ల తొట్లూ, కొద్దిపాటి జాలర్లూ తప్ప ఏమీ లేవు. ఆ కోట శిథిలం ఇప్పటికీ ఉంది.

కంపెనీకి దక్కిన కొల్ల లండనులో పంచాయితీ తెచ్చింది. స్నేహంలో ఉన్న రాజు ఆస్తి మీద దాడి చేశారన్న నెపంతో, మొదటి జేమ్స్ రాజూ ఆయన నౌకాదళాధిపతి బకింగ్‌హామ్ డ్యూకూ చెరి 10,000 పౌండ్లు గుంజుకున్నారు. సగం సుంకం అన్న మాటను పర్షియా ఎన్నడూ పూర్తిగా చెల్లించలేదు. దాని కోసం కంపెనీ మనుషులు బందర్ అబ్బాస్‌లో దశాబ్దాల తరబడి లెక్కలు వేస్తూ కూర్చున్నారు. ఆ లెక్కల్లో కొత్త ఓడలు కనిపించడం మొదలైంది. గుర్రాల కోసం వచ్చిన ఓడలు కావవి. కలంకారీ బట్టలు నింపుకుని, గోల్కొండ సుల్తానుల, వాళ్ల పర్షియన్ అమీర్ల సొమ్ముతో బంగాళాఖాతం నుంచి చుట్టూ తిరిగి వచ్చినవి.

(వచ్చే భాగం: మచిలీపట్నం నుంచి బందర్ అబ్బాస్ దాకా)